అక్క గాజులు బీరువాలోనే ఉండనీ

అమ్మడూ,

పెళ్లికార్డుల సీజన్ వచ్చేలోపు కొత్త కంప్యూటర్ కొంటున్నావట, అందుకు మా అక్క, అదే మీ అమ్మ, తన గాజులు ఇస్తోందట. నిన్న రాత్రి అక్క ఫోన్‌లో చెప్పింది. ఆ గాజులు బ్యాంకుకు ఎన్నిసార్లు వెళ్లొచ్చాయో నీకు నేను చెప్పక్కర్లేదు. నాకు తెల్లవార్లూ నిద్ర పట్టలేదు.

సంక్రాంతికి వచ్చినప్పుడు నీ మెషిన్ చూశాను కదా. 8 జీబీ ర్యామ్, 'సీ' డ్రైవ్‌కి 120 జీబీ ఎస్‌ఎస్‌డీ, 'డీ'కి మామూలు హార్డ్ డిస్క్. నీ పనికి అది చాలు తల్లీ. కానీ 'సీ'లో 3 జీబీ కూడా ఖాళీ లేదు. ఏ పెళ్లి ఫొటోలు చూసినా డెస్క్‌టాప్ మీదే! డెస్క్‌టాప్ మీద పెట్టిందల్లా 'సీ'లోనే పడుతుంది. ర్యామ్ చాలనప్పుడు ఫొటోషాప్ డిస్క్ మీద చోటు తీసుకుంటుంది, స్క్రాచ్ డిస్క్ అనేది అదే. విండోస్ కూడా అలాంటప్పుడు వాడుకునే తన పేజ్ ఫైల్ పెట్టుకునేది మామూలుగా ఈ 'సీ'లోనే. ఇద్దరికీ చోటు లేకపోతే మెషిన్ నత్తలా నడవక ఏం చేస్తుంది? ఏ4 సైజు బొమ్మ 300 డీపీఐలో, సీఎంవైకేలో ఒక్క లేయరే దాదాపు 35 ఎంబీ. నువ్వు పది పన్నెండు లేయర్లు వేస్తావు. ఈ రోజే కూర్చుని ఫొటోలన్నీ 'డీ'కి మార్చెయ్. 'సీ'లో 40 జీబీ అయినా ఖాళీగా ఉంచు. స్క్రాచ్ మాత్రం ఎస్‌ఎస్‌డీ మీదే ఉండనీ. మిగతావి మరిచినా, ఈ 'సీ' డ్రైవ్ మాట మాత్రం మరిచిపోకు.

ఎవరో చెప్పారని ఫొటోషాప్ మెమరీని 95 శాతానికి జరిపావు. దాన్ని మళ్లీ 70కి తెచ్చెయ్. పక్కనే ఇన్‌డిజైన్, కోరెల్ డ్రా తెరిచి ఉంటాయి, వాటికీ ర్యామ్ కావాలి కదా.

అన్నట్టు రాత్రిళ్లు అన్నం తింటున్నావా? నీ మణికట్టు నొప్పి తగ్గిందా?

నేను పేజ్‌మేకర్ మీద కూర్చున్న రోజుల్లో మా ప్రెస్‌లో 32 ఎంబీ ర్యామే ఉండేది. దీపావళి సంచిక ముందు రాత్రి రెండింటికి మెషిన్ బిగుసుకుపోయి పద్నాలుగు పేజీలు పోయాయి. తెల్లారి అక్క క్యారియర్ పట్టుకొచ్చి, నా మొహం చూసి, ఏమీ అడక్కుండా ముద్దలు కలిపి పెట్టింది. అప్పుడు నువ్వింకా పుట్టలేదు. ఆ తర్వాతే బొమ్మల్ని బూడిదరంగు పెట్టెలుగా చూపించే సెట్టింగ్ పట్టుకున్నాను. పేజీలు చకచకా కదిలాయి, ప్రింటు మాత్రం బొమ్మలతో సహా నిండుగా వచ్చింది. నీ ఇన్‌డిజైన్‌లోనూ అది ఉంది, డిస్‌ప్లే పెర్ఫార్మెన్స్‌లో ఫాస్ట్ అని. మ్యాటర్ దిద్దేటప్పుడు అందులో ఉంచు, రంగులు చూసుకునేటప్పుడు హై క్వాలిటీకి మార్చు. ఫైల్లో తప్పులు పట్టే ప్రీఫ్లైట్ కూడా పని జరుగుతున్నంతసేపు ఆపేసి, పీడీఎఫ్ తీసేముందు పెట్టుకో.

ఇవన్నీ చేశాక ఓ వారం టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టుకుని పని చెయ్. అప్పటికీ మెమరీ నిండిపోతుంటే ఇంకో 8 జీబీ ర్యామ్ వేద్దాం, అంతకంటే ఏమీ వద్దు. ఆ డబ్బు నేనిస్తాను, మాట్లాడకు. వచ్చే శనివారం రాత్రి బస్సుకి బయల్దేరుతున్నాను. గాజులు బీరువాలోంచి తియ్యొద్దని అక్కకి ఈ పూటే చెప్పు.

మీ మామయ్య