సలహా తప్పయినప్పుడు
ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మాది నస్పూర్‌లో సింగరేణి క్వార్టర్. మొన్న వానల్లో ఒక రాత్రి, వెనక లైన్‌లో పిల్లవాడిని పాము కరిచిందని, ఏం చేయాలో చెప్పమని వాళ్ల నాన్న మా కాలనీ వాట్సాప్ గ్రూపులో అడిగాడు. బొగ్గుబాయిలో చేసి రిటైరైన ఒక కాక "మోకాలు పైన తాడుతోని గట్టిగ కట్టు, పసరు పోసేటాయన దగ్గరికి తీస్కపో" అన్నాడు. నాకు ఒళ్లు మండి "తెల్వకపోతే ఊకోరాదు, పిల్లగాని పాణం తీస్తవా" అని పెట్టాను. ఆయన తరఫున కొందరు, నా తరఫున కొందరు మొదలుపెట్టారు. పిల్లవాడు దవాఖానలో కోలుకున్నాడు. కాక గ్రూపులోంచి వెళ్లిపోయాడు, ఎదురుపడితే తల తిప్పుకుంటున్నాడు. నేనన్నది నిజమే కదా, సారీ ఎందుకు చెప్పాలి?
- యువ కార్మికుడు, నస్పూర్

జవాబు: విషయం వరకు మీదే నిజం. కాటుకు పైన బిగించి కడితే రక్తం ఆడక కాలే పోయే ప్రమాదముంది. పసరు కోసం తిరిగే ప్రతి నిమిషం విషానికే లాభం. విరుగుడు ఇంజక్షన్ దొరికేది దవాఖానలోనే. మర్యాద పేరుతో మీరు నోరు మూసుకుని ఉంటే అదే పెద్ద తప్పయ్యేది.

అయితే మీ మెసేజ్ ఇంకోసారి చదవండి. అందులో ఆ తండ్రికి పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. అడిగింది ఆయన, మీరు జవాబిచ్చింది కాకకు. ఏడుస్తున్న పిల్లవాడిని ఒడిలో పెట్టుకుని ఆ మనిషి మీ తగాదా చదవాల్సి వచ్చింది. సలహా ఇచ్చినవాళ్లను వదిలి, అడిగినవాళ్లతో మాట్లాడి చూడండి, కోపం సగం అక్కడే దిగిపోతుంది. ఇలా రాయొచ్చు:

"అన్నా, తాడు కట్టకు. కాలు కదలనియ్యకు, నడిపించకు. 108కి ఫోన్ చెయ్, మంచిర్యాల సర్కారు దవాఖానకు పోదాం, నేనొస్తున్న. కాకా, కట్టు కడితే కాలుకే ముప్పని డాక్టర్లు అంటున్నరు, అందుకే వద్దంటున్న."

ఇందులో కాదనడమూ ఉంది, కారణమూ ఉంది, కాక కాకగానే ఉన్నాడు. (అప్పటికే ఎవరైనా కట్టి ఉంటే హడావుడిగా విప్పకండి, డాక్టరే చూసి విప్పుతారు. కట్లపాము కాటుకు వాపు, నొప్పి లేకపోవచ్చు, గాటు కూడా కనబడకపోవచ్చు. చూద్దాంలే అని ఆగొద్దు.)

కాక ఆ కట్టును సొంతంగా కల్పించలేదు. ఒకప్పుడు ప్రథమ చికిత్స పాఠాల్లోనే అది ఉండేది. నేర్చుకున్నదే చెప్పాడు. తన మాట కాదంటే వినడం కూడా బాయిలో చేసినాయనకు కొత్తేమీ కాదు. వంద మందికి మించి పనిచేసే ప్రతి గనిలో సేఫ్టీ కమిటీ ఉండాలని 1955 నాటి గనుల నిబంధనలు చెప్పాయి. అందులో అధికారులతో పాటు కార్మికులూ కూర్చుంటారు. గనిలో రూఫ్ బాగా లేదని నిన్న చేరిన జనరల్ మజ్దూర్ అన్నా, ముప్పై ఏళ్ల సీనియర్ ఆగి చూడాల్సిందే. అలాంటి మనిషిని నొప్పించింది మీరు కాదనడం కాదు, "పాణం తీస్తవా" అన్న మాట.

సారీ ఆ ఒక్క మాటకే చెప్పండి. ముందు ఆయన ఇంటికి వెళ్లి "కాకా, ఆ మాట అనకుండ ఉండాల్సింది" అనండి. తర్వాత గ్రూపులోనూ రాయండి. అందరి ముందు పోయిన పరువు ఇంట్లో చెప్పే సారీతో తిరిగిరాదు. కట్టు వద్దన్న మాటను మాత్రం వెనక్కి తీసుకోకండి. ఆయన మెత్తబడితే ఇంకో పని అడగండి: పాము కరిస్తే ఏం చేయాలో ఆయన గొంతుతోనే ఒక వాయిస్ మెసేజ్ పెట్టమనండి. మీ లైన్‌లోని ముసలివాళ్లకు ఆ సంగతి ఆయన చెబితేనే ఎక్కుతుంది.

ప్రశ్న: బతుకమ్మకు డీజే వద్దు, మనమే పాడుకుందామని మా ఆడవాళ్ల గ్రూపులో అన్నాను. కోడలి వయసు పిల్లలు "పాతకాలపు మాట" అన్నారు. తప్పుకుందామనుకుంటున్నాను.
- గృహిణి, శ్రీరాంపూర్

జవాబు: తప్పుకోకండి అమ్మా. మీరు వెళ్లిపోతే పాటలు వచ్చినవాళ్లలో ఒకరు తగ్గుతారు. వాళ్లకు డీజే ఎందుకు కావాలో ఒకసారి అడగండి. చాలామందికి పాటలు రాక, నలుగురిలో తడబడతామని భయం. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులున్నాయి. మొదటి రోజులు పాటలకు ఇవ్వమనండి, సద్దుల నాడు వాళ్లిష్టం. సాయంత్రం ఇద్దరు ముగ్గురిని ఇంటికి పిలిచి ఒక్క పాట నేర్పండి. ఈ ఏడు అంతకుమించి పట్టుబట్టకండి.