వేలిముద్రల భద్రత: ఓడిన ప్రయోగాలు మనకు నేర్పినవి



కోనరావుపేట మండలంలో పింఛన్లు ఇచ్చే రోజు పోస్టాఫీసు ముందు పది నిమిషాలు నిలబడితే చాలు, వేలిముద్రకు ఇప్పుడు ఎంత విలువ ఉందో తెలుస్తుంది. రేషన్ బియ్యానికి వేలు, పింఛనుకు వేలు, ఆధార్ ద్వారా బ్యాంకు డబ్బు తీసుకోవడానికీ వేలే. బీడీలు చుట్టి చుట్టి గీతలు అరిగిపోయిన అవ్వలు ఒక వేలు తర్వాత ఇంకో వేలు పెట్టి చూస్తుంటారు. అసలు వేలినే కాదనే ఈ యంత్రం నకిలీ వేలిని మాత్రం అవుననగలదా? కంప్యూటర్ భద్రతా పరిశోధకులు ఇదే ప్రశ్న మీద చాలా ఏళ్లు పనిచేశారు. అందులో ఓడిన ప్రయోగాలే మనకు ఎక్కువ చెప్పాయి.

2002లో జపాన్‌లోని యోకొహామా నేషనల్ యూనివర్సిటీలో త్సుతోము మత్సుమోతో, ఆయన బృందం ఒక పరిశోధన ప్రకటించారు. అప్పటికే కొందరు సిలికాన్ రబ్బరుతో వేళ్లు చేసి చూశారు. అవి కాంతితో చదివే కొన్ని యంత్రాలను మోసగించాయి కానీ, చర్మంలోని విద్యుత్ గుణాన్ని చూసే యంత్రాల దగ్గర పనికిరాలేదు. అక్కడితో 'ఈ యంత్రం గట్టిది' అని రాసి ఊరుకోవచ్చు. మత్సుమోతో బృందం మాత్రం సిలికాన్ ఎందుకు ఓడిందని అడిగింది. దానిలో మన చర్మంలో ఉన్నంత తేమ లేదు, విద్యుత్ దాని గుండా పోదు. అయితే తేమ ఉన్న పదార్థం ఏది? మిఠాయిల్లో వాడే జెలటిన్! వాళ్లు పరీక్షించిన 11 యంత్రాలూ జెలటిన్ వేలిని ఒప్పుకున్నాయి, అదీ మూడింట రెండు వంతులకు పైగా సార్లు. గాజు మీద మిగిలిపోయిన ముద్ర నుంచి చేసిన వేలు కూడా పనిచేసింది. పరిశోధకులకు గెలుపు, యంత్రాలకు ఓటమి. దాన్ని దాచకుండా అందరూ చదివేలా ప్రచురించారు.

ఆ తర్వాత 2013 సెప్టెంబరులో వేలిముద్ర తాళంతో ఐఫోన్ 5ఎస్ వచ్చింది. రెండు మూడు రోజుల్లోనే జర్మనీలోని కేయాస్ కంప్యూటర్ క్లబ్ వాళ్లు గాజు మీది ముద్రతో చేసిన నకలుతో దాన్ని తెరిచి చూపించారు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, వేలు పోతే ఏం మార్చుకుంటాం?

ఇదంతా జపాన్, జర్మనీల సంగతి అనుకుంటుండగానే మన పక్కనే జరిగింది. 2018 జూన్‌లో హైదరాబాద్ పోలీసులు పెద్దపల్లి జిల్లా ధర్మారానికి చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారిని పట్టుకున్నారు. పోలీసులు చెప్పినదాని ప్రకారం అతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూమి దస్తావేజులు తీసుకున్నాడు. వాటి మీద అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు వేసిన ముద్రలున్నాయి, ఆధార్ నంబర్లూ ఉన్నాయి. రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలోనే ఆ ముద్రలకు నకళ్లు చేసి, కంపెనీ పెట్టిన టార్గెట్ కోసం వేల సిమ్‌లు వేరేవాళ్ల పేర్ల మీద ఆన్ చేశాడు. ల్యాబ్ లేదు, ప్రొఫెసర్ లేడు. పదహారేళ్ల ముందే అచ్చయిన పాఠాన్ని దస్తావేజులను ఆన్‌లైన్‌లో పెట్టినవాళ్లు చదవలేదు. ముద్ర ఒక్కటే దొరికితే పెద్దగా పని జరగదు, నంబరు ఒక్కటే దొరికినా అంతే. రెండూ ఒకే కాగితం మీద ఉండటమే కొంప ముంచింది.

2023 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ కొత్త ఏర్పాటు ప్రకటించింది. ఇప్పుడు గీతల కలయికలతో పాటు వేలి బొమ్మను కూడా చూసి, అది ప్రాణమున్న వేలా కాదా అని తేలుస్తారు. జెలటిన్ వేలు అడిగిన ప్రశ్నకు ఇక్కడ జవాబు రావడానికి ఇరవై ఒక్క ఏళ్లు పట్టింది. ఆలస్యమే, అయినా మంచిదే. అరిగిన వేళ్ల అవ్వకు మాత్రం దీనితో కష్టం తీరలేదు.

ఇప్పుడు మా సంగతి. సహాయం కోసం వచ్చే వితంతువుల, వృద్ధుల దరఖాస్తు మీద మేము ఇన్నేళ్లూ బొటనవేలి ముద్ర వేయించుకుని, వెనకాల ఆధార్ జిరాక్స్ పిన్ను కొట్టాం. లెక్క సరిగ్గా ఉండాలని, దాతలకు జవాబు చెప్పాలని చేసిన పనే. కానీ ధర్మారం కేసు చదివి మా బీరువా తెరిస్తే అందులో ఉన్నదీ అలాంటి కాగితాలే. మీరిచ్చిన డబ్బు ఎలా అమానతో, ఆ పేదవాళ్లు నమ్మి ఇచ్చిన ముద్ర కూడా అలాగే.

ఈ ఏడు ఫారం మార్చాం. సంతకం రానివాళ్ల తరఫున ఇద్దరు సాక్షులు సంతకం చేస్తారు. ఆధార్ కాపీ కావలసి వస్తే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకుంటున్నాం. ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేసుకోవడం కూడా మా కార్యకర్తలు చూపిస్తున్నారు. ఒక జాగ్రత్త చెప్పాలి: లాక్ వేస్తే రేషన్ రోజున, పింఛను రోజున మళ్లీ తీయాలి, లేదంటే అవ్వ ఖాళీ చేతులతో ఇంటికి వస్తుంది. అందుకే ఇంట్లో ఫోన్ చూసేవాళ్లు లేని ముసలివాళ్లకు లాక్ వద్దనే చెబుతున్నాం. ఎవరికైనా డబ్బు పోయిందని అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఆధార్ గురించిన సందేహాలకు 1947 ఉంది.

పాత ఫారాల్లో ముద్రలున్న భాగాన్ని కత్తిరించి కాల్చే పని మొదలైంది. ఇంకా రెండు కట్టలు మిగిలాయి. ఆదివారాల్లో గంట సేపు వచ్చి చేయి వేయగలిగినవాళ్లు కార్యాలయంలో పేరు చెప్పండి.