ఓరుగంటి చారిత్రక కట్టడములు

వరంగల్లు నగరమందు కొత్తవాడ యను పేట కలదు. ఇది చేనేత పనివారికి పేరుపొందిన చోటు. ఇచటి జంపఖానములు దేశమంతట ప్రసిద్ధి కాంచినవి. 2018వ సంవత్సరమున ‘వరంగల్లు దరీలు’ అను పేర వానికి భౌగోళిక గుర్తింపు లభించెను. మగ్గముపై పోగు తెగినచో నేతగాడు తక్షణమే ముడివేయును. ఉపేక్షించినచో నేత చెడును. పూర్వులు నిర్మించిన కట్టడముల విషయమునను ఇట్టి శ్రద్ధయే కావలెను. ఇందుకు ఓరుగల్లే తార్కాణము.

కాకతీయులు మొదట అనుమకొండ రాజధానిగా పాలించిరి. అదియే నేటి హనుమకొండ. పిమ్మట ఓరుగల్లు వారి రాజధాని యయ్యెను. గణపతిదేవ చక్రవర్తి ఇచటి కోటను దృఢపరచగా, ఆయన కుమార్తె రుద్రమదేవి ఆ పనిని కొనసాగించెను. లోపల రాతి గోడ, దాని చుట్టు అగడ్త, వెలుపల మట్టి కోట, దానికి మరల అగడ్త — ఇట్లు కోట పొరలు పొరలుగా అమరినది. రాతి గోడకు 45 బురుజులు కలవు. 1310 ప్రాంతమున మాలిక్ కాఫర్ దండయాత్రను వర్ణించిన అమీర్ ఖుస్రో, ఈ మట్టి గోడలో ఉక్కు బల్లెము సహితము దిగదనియు, యంత్రములు విసరు గుండ్లు దానికి తగిలి వెనుకకు ఎగిరిపడుననియు వ్రాసెను. మట్టి యని చులకన చేయరాదని దీనివలన తెలియుచున్నది.

1323వ సంవత్సరమున ఢిల్లీ సేనలకు కోట వశమయ్యెను. కాకతీయ రాజ్యము అంతరించెను. కోట నడుమ వెలసిన స్వయంభూ శివాలయము నేలగూలెను. చెక్కడపు కంబములు, దూలములు, విరిగిన విగ్రహములు నేటికిని ఆ ఆవరణమున చెల్లాచెదరుగా కానవచ్చును. అయినను ఆలయమునకు నాలుగు దిక్కుల నిలిచిన కీర్తితోరణములు మాత్రము చెక్కుచెదరలేదు. వీనిపై హంసలు, తామర మొగ్గలు, పూలదండలు చెక్కబడినవి. దేవతామూర్తులు లేకపోవుటచేతనే ఇవి నాశనము కాలేదని చెప్పుదురు. 2014వ సంవత్సరమున తెలంగాణ రాష్ట్రము ఏర్పడినప్పుడు ఈ తోరణమునకు రాష్ట్ర చిహ్నమున చోటు లభించెను. సమీపముననే ఖుష్ మహల్ అను విశాలమైన సభామందిరము కలదు. ఏటవాలు గోడలు, ఎత్తైన కమానులు దాని ప్రత్యేకత.

హనుమకొండయందలి వేయిస్తంభముల గుడిని రుద్రదేవుడు 1163వ సంవత్సరమున కట్టించెను. శివ కేశవ సూర్యులకు మూడు గర్భాలయములు కల త్రికూటాలయ మిది. నల్లరాతి నంది నునుపు చూపరులను ఆకర్షించును. ఈ గుడి ఎదుటి కల్యాణ మండపము కాలక్రమమున శిథిలమయ్యెను. 2006వ సంవత్సరమున భారత పురావస్తు శాఖవారు దానిని విప్పి, రాళ్లకు వరుస సంఖ్యలు వేసి, పునాదినుండి మరల నిర్మింప పూనుకొనిరి. పని ముగిసి, 2024 మార్చి నెలలో మండపము ప్రజలకు తెరువబడెను. ఒక్క మండపమును తిరిగి నిలుపుటకు 18 సంవత్సరములు పట్టినది!

వరంగల్లునకు సుమారు 65 కిలోమీటర్ల దూరమున పాలంపేట కలదు. అచట గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213వ సంవత్సరమున కట్టించిన రామప్ప దేవాలయము వెలసియున్నది. నిర్మాతలు పునాదిని ఇసుకతో నింపిరి; శిఖరమునకు నీట తేలునంతటి తేలికైన ఇటుకలు వాడి, బరువు తగ్గించిరి. స్తంభములపై మీదుగా నిలిచిన మదనికల నగలు, కురుల ముడులు సూక్ష్మముగా చెక్కబడినవి. 2021వ సంవత్సరమున యునెస్కో ఈ ఆలయమును ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించెను.

ఈ కట్టడములకు శత్రువుల దాడియే కాదు, మన అజాగ్రత్తయు హాని చేయును. గోడ పగులున మొలచిన రావి మొక్కను తీయకున్నచో, దాని వేరు రాతిని చీల్చును. అగడ్తలో చెత్త వేసినచో నీరు నిలిచి పునాదిని నానజేయును. మేకుతో స్తంభముపై పేరు గీసిన వాని పేరెవరికిని అక్కరలేదు. కాని శిల్పి చేసిన పని శాశ్వతముగా చెడును. రక్షిత కట్టడములకు హాని చేయుట 1958వ సంవత్సరపు చట్టము ప్రకారము నేరము. కాని చట్టమొక్కటియే ప్రతి రాతిచెంత కావలి నిలువజాలదు. ఆ కావలి ఊరివారును, విద్యార్థులును కావలెను.

విద్యార్థులు ఈ స్థలములను దర్శించునప్పుడు రాయిని గీయక, తాకి అరుగదీయక, తీరిక చేసికొని చూడవలెను. ప్రతి కట్టడమును ఎవరు, ఎప్పుడు, ఏల నిర్మించిరో తెలిసికొని, ఇంటివారికి చెప్పవలెను. తెగిన పోగును ముడివేయు నేతగాని శ్రద్ధ మనకు అలవడినచో, ఓరుగంటి శిలలు రాబోవు తరములకును తమ కథ చెప్పుచుండును.