షెడ్డులోకి దిగేవాళ్ల కోసం

బర్డ్ ఫ్లూ అనగానే ఊరంతా అడిగేది ఒక్కటే: చికెన్ తినొచ్చా? తినొచ్చు. కూర బాగా ఉడికితే, అంటే ముక్క లోపలిదాకా 70 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే, ఆ వైరస్ మిగలదు. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు కూడా ఎక్కడ చూసినా ఈ చర్చే. ఆ చచ్చిన కోళ్లను కాళ్లు పట్టుకుని గోతిలో వేసినవాళ్ల సంగతేమిటని అడిగినవాళ్లు తక్కువ. అందుకే తినేవాళ్ల సంగతి పక్కన పెడుతున్నాను. ఇది మేత వేసేవాళ్లకు, గుడ్లు ఏరేవాళ్లకు, రాత్రిళ్లు వ్యాన్‌కి కోళ్లెక్కించేవాళ్లకు, చికెన్ సెంటర్లో కత్తి పట్టేవాళ్లకు, రోగం వచ్చిన ఫారంలో కోళ్లను చంపి పూడ్చే కూలికి వెళ్లేవాళ్లకు.

ముందు భయం సంగతి. 1997లో హాంకాంగ్‌లో హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్ 18 మందికి సోకితే ఆరుగురు చనిపోయారు. 2003 నుంచి ప్రపంచం మొత్తం మీద నమోదైన హెచ్5ఎన్1 కేసులు తొమ్మిది వందలు దాటాయి, అందులో దాదాపు సగం మంది బతకలేదు. స్వల్పంగా వచ్చి పోయిన కేసులు చాలావరకు లెక్కలోకి ఎక్కవు కాబట్టి ఆ ‘సగం’ అనే మాటను కాస్త తగ్గించి చదువుకోవాలి. మన దగ్గర 2021లో హర్యానా బాలుడొకడు ఢిల్లీ ఎయిమ్స్‌లో, 2025 మార్చిలో పల్నాడు జిల్లా పాప ఒకతె మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయారు. ఆ పాప పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని తేలింది. కూర కోసేటప్పుడు పిల్లలు ముక్క అడిగితే సరదాకి పెట్టే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. అది మానాలి. మనిషి నుంచి మనిషికి ఈ జబ్బు తేలిగ్గా అంటదు. కోడి నుంచి మనిషికి అంటడమే అసలు దారి. ఆ దారిలో మొదట నిలబడేది మీరే.

ఫారంలో జాగ్రత్త అనగానే అందరూ ముక్కుకు గుడ్డ కడతారు. కళ్లను మాత్రం వదిలేస్తారు. 2024 జులైలో అమెరికాలోని కొలరాడోలో రోగం వచ్చిన గుడ్ల ఫారాల్లో కోళ్లను చంపే పనికి దిగిన తొమ్మిదిమందికి ఈ వైరస్ సోకింది. వాళ్లలో ఎక్కువగా కనిపించిన లక్షణం కళ్లు ఎర్రబడటం. సూట్లు, మాస్కులు, కళ్లద్దాలు లేక కాదు. ఎండ 104 డిగ్రీల ఫారన్‌హీట్ దాటింది. షెడ్డు చల్లబడాలని పెట్టిన పెద్ద ఫ్యాన్లు ఈకల్ని, దుమ్మును మొహాల మీదికి కొట్టాయి. చెమటకు కళ్లద్దాలు జారిపోయాయి. అదృష్టం కొద్దీ అందరికీ స్వల్పంగానే వచ్చింది. మన ఏప్రిల్, మే ఎండల్లో రేకుల షెడ్డు కింద ప్లాస్టిక్ సూటు వేసుకున్నవాడికి ఈ కథ ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. పావుగంటలో మాస్కు గడ్డం కిందికి వస్తుంది. కాబట్టి సూటు ఇచ్చాం కదా అని యజమాని చేతులు దులుపుకుంటే చాలదు. పని తెల్లవారుజామున మొదలుపెట్టమని అడగండి. అరగంటకో గంటకో మనుషుల్ని మార్చమనండి. మంచినీళ్లు, నీడ షెడ్డుకు దూరంగా పెట్టించండి. ఫ్యాన్ గాలి మీ వీపు వైపు నుంచి రావాలి. చదివే కళ్లద్దాలు పక్కనుంచి వచ్చే దుమ్మును ఆపవు, చుట్టూ మూసుకునే గాగుల్స్ కావాలి. మాస్కు ఎన్95 అయితే మేలు. గుబురు గడ్డం ఉంటే అది మొహానికి అతుక్కోదు, ఆ నాలుగు రోజులకైనా గడ్డం తీసేయండి.

ఇక చేతులు. గ్లవ్స్ వేసుకుని పొద్దుట్నుంచి పెంట ఎత్తిన మనిషికి ఫోన్ మోగుతుంది. గ్లవ్స్‌తోనే తీసి చెవికి పెట్టుకుంటాడు. సాయంత్రం చేతులు కడుక్కుంటాడు, ఫోన్ కడగడు. అదే ఫోన్ ఇంట్లో పిల్లాడి చేతికి పోతుంది. ఖైనీ నలిపేవాళ్లు, బీడీ కాల్చేవాళ్లు అయితే మరీ కష్టం, చెయ్యి తిన్నగా నోటికే పోతుంది. ఫోన్, ఖైనీ డబ్బా రెండూ షెడ్డు బయట సంచిలో పెట్టి లోపలికి పోవడం ఖర్చు లేని పని. బయటికి వచ్చాక తీసే వరస కూడా ముఖ్యం: ముందు గ్లవ్స్ లోపలివైపు బయటికి వచ్చేలా తిప్పి తీయండి, చేతులు సబ్బుతో కడగండి, తర్వాత గాగుల్స్ వెనక తాడు పట్టి, సూటు, ఆఖర్న మాస్కు, మళ్లీ సబ్బు. మామూలు సబ్బుకే ఈ వైరస్ లొంగుతుంది. బట్టలు, చెప్పులు ఫారంలోనే వదలండి.

చికెన్ సెంటర్లో ప్రమాదం ఈకలు తీసే డ్రమ్ము దగ్గర ఉంది. వేడినీళ్లలో ముంచిన కోడిని అందులో వేయగానే తుంపర్లు సరిగ్గా మొహం ఎత్తుకు లేస్తాయి. దానికి మూత ఉంటుంది, పనికి అడ్డమని చాలాచోట్ల పీకేసి ఉంటుంది. పెట్టించండి. తూగుతున్న కోడి, తలవాచి జుట్టు నీలం తిరిగిన కోడి లోడులో కనిపిస్తే కోయకండి, పక్కన పెట్టి పశువైద్యుడికి చెప్పండి.

కోళ్ల దగ్గర పని ఆగిన రోజు నుంచి పది రోజులు ఒంటిని గమనించుకోండి. జ్వరం, దగ్గు, గొంతునొప్పి, కళ్లు ఎర్రబడి నీరు కారడం, వీటిలో ఏది వచ్చినా ఊళ్లో ఇంజెక్షన్ వేయించుకుని పడుకోకండి. ప్రభుత్వాసుపత్రికి వెళ్లి, జ్వరం సంగతి కంటే ముందు చెప్పాల్సిన మాట: “డాక్టరు గారూ, నేను కోళ్ల ఫారంలో పని చేస్తాను, మొన్న చచ్చిన కోళ్లను ఎత్తాను.” ఈ ఒక్క వాక్యం లేకపోతే అది మామూలు వైరల్ జ్వరంగా పోతుంది. ఒసెల్టామివిర్ మందు 48 గంటల్లోపు మొదలైతే బాగా పనిచేస్తుంది, ఆలస్యమైనా మొదలుపెట్టడమే మంచిది. కళ్లు ఎర్రబడితే ముక్కు, గొంతులతో పాటు కంటి నుంచి కూడా నమూనా తీయమని అడగండి. ఏటా వేసే ఫ్లూ టీకా దీన్ని ఆపదు. కానీ రెండు వైరస్‌లు ఒకే ఒంట్లో కలిసే అవకాశం తగ్గిస్తుంది కాబట్టి ఫారం వాళ్లు వేయించుకోవడం మంచిది.

యజమానులకు ఒక మాట. ప్రభుత్వ పరిహారం చంపించిన కోళ్లకే వస్తుంది, అప్పటికే చచ్చినవాటికి రాదు. దాచిపెట్టిన ప్రతి రోజూ డబ్బు పోతూనే ఉంటుంది. రాత్రికి రాత్రి కాలువ గట్టున పడేసిన కోళ్లతో పక్క ఫారం కూడా పోతుంది.

ఆ పరిహారం కూలివాడి దాకా రాదు, ఇదీ నిజమే. ఫారం మూసిన రోజులకు, ఇంట్లో విడిగా ఉండమన్న రోజులకు కూలి ఎవరిస్తారో పనిలో దిగకముందే మాట్లాడుకోండి. తర్వాత అడిగితే ఎవరూ పలకరు. జంతువులతో, వాటి కళేబరాలతో చేసే పని వల్ల వచ్చే అంటువ్యాధిని 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ మూడో షెడ్యూలు వృత్తి వ్యాధిగా గుర్తించింది. అయితే కార్మిక శాఖ దగ్గరికి పోతే మొదట అడిగేది మీరు అక్కడ పనిచేసినట్టు రుజువు. హాజరు పుస్తకంలో మీ పేరు ఉన్న పేజీని, కూలి పడిన ఫోన్‌పే మెసేజ్‌ని ఫొటో తీసి ఇంట్లోవాళ్ల ఫోన్‌కి పంపి ఉంచండి.