గ్రంథబంధములందలి చిత్తుపత్రముల ప్రామాణ్యము

ప్రాచీనగ్రంథముల కాలనిర్ణయమున లిపిని, భాషను, పుష్పికను పరీక్షించుట పరిపాటి. వీనికి తోడు గ్రంథపు అట్టలో దాగిన చిత్తుపత్రములును ప్రమాణము కాగలవు. తాళపత్రగ్రంథములకు చెక్కపలకలే రక్షణ గనుక మన పరిశోధకులకు ఈ సాధనముతో పరిచయము తక్కువ.

ఈజిప్టు దేశమున నాగ్ హమ్మాదీ సమీపమున 1945లో లభించిన కోప్టు భాషాగ్రంథరాశి దీనికి చక్కని నిదర్శనము. ఆ సంపుటములు తోలు అట్టలతో కట్టబడినవి. తోలునకు బిగువు కలుగుటకై పనికిరాని పపైరస్ పత్రములను జిగురుతో పొరలుగా లోపల అంటించిరి. ఆ పొరలను విడదీయగా లేఖలు, లెక్కలు, వ్యవహారపత్రములు బయటపడినవి. ఏడవ సంపుటపు అట్టలోని పత్రములందు క్రీ.శ. 341, 346, 348 సంవత్సరముల తేదీలు కలవు.

ఇచటి అనుమానమిది: ఈ అట్ట 348కి పూర్వము కట్టబడినది కాదు, ఆ యేటి పత్రము దానిలో నుండుటవలన. వ్రాయబడక మునుపే పత్రము చిత్తు కాజాలదు గనుక వ్యాప్తి దృఢము. అయినను సిద్ధించునది పూర్వావధియే, ఉత్తరావధి కాదు. పత్రము ఎన్నేండ్లు మూలబడి యుండెనో అట్ట చెప్పదు. రచనాకాలమును అంతకంటెను చెప్పదు. ఈ రాశియందలి ఆరవ సంపుటమున ప్లేటో రచించిన ‘రిపబ్లిక్’లోని భాగమొకటి కలదు. ప్లేటో క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దివాడు గదా!

ఈ లేఖలలో కొన్ని క్రైస్తవమఠవాసులకు సంబంధించినవి. కావున గ్రంథములును మఠముననే సిద్ధమైనవని జాన్ బార్న్స్ వాదించెను. ఆ వాదము 1975లో ప్రకటితమైనది. 1981లో ఈ పత్రముల సంపుటము ముద్రితమైనపుడు షెల్టన్ దీనిని శంకించెను. అట్టలలో లౌకికవ్యవహారముల పత్రములును కలవు. చిత్తు ఎచటినుండియైనను రావచ్చును. కావున ఈ హేతువొక్కటియే యైనచో సవ్యభిచారము. అయితే హేతువు దుష్టమైనంత మాత్రమున సాధ్యము అసత్యము కాదు. 2015లో లున్‌ధౌగ్, జెనట్ అను పండితులు ఇతరహేతువులను కూర్చి మఠపక్షమునే మరల సమర్థించిరి.

మన గ్రంథాలయములందును జీర్ణించిన కాగితపు ప్రతులకు క్రొత్త అట్టలు వేయించుచుందురు. పాత అట్టను పారవేయుటకు ముందు దానిలోని పొరలను పరిశీలింపవలెను. దొరికిన పత్రము ఏ గ్రంథపు అట్టలో, ఏ వైపున, ఎన్నవ పొరలో నుండెనో వ్రాసి, ఆ గ్రంథసంఖ్యతోనే భద్రపరుపవలెను. అట్టనుండి వేరుపడి గుర్తులేకపోయిన పత్రమునకు పక్షధర్మత నశించును. అటుపిమ్మట అది ఎంత పురాతనమైనను ఆ గ్రంథమును గూర్చి సాక్ష్యము చెప్పజాలదు.