ఎందరన్నది ఎవరు చెప్పవలెను?

విశాఖపట్నం, మర్రిపాలెం.

చి।। ల।। సౌ।। మనుమరాలికి అమ్మమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీ లేఖ చేరినది. వివాహమై రెండేండ్లు గడచినను కడుపు పండలేదని మీ అత్తగారు చాటుగను, చుట్టములు ఎదుటనే పలుకుచున్నారనియు, ఎక్కువమంది బిడ్డలను కనుడని ముఖ్యమంత్రి చెప్పిన మాట పత్రికలలో వచ్చిన నాటినుండి ఆ పలుకులకు రాజాజ్ఞా బలము కూడ చేకూరినదనియు, ఇప్పుడప్పుడే బిడ్డ వలదని నీవును అబ్బాయియు అనుకొనుట దోషమా యనియు వ్రాసితివి. ఎందరు, ఎప్పుడు అను ప్రశ్నలకు నానుండి సమాధానము నాశింపకుము; అది యిచ్చు అధికారము నాకు లేదు. ఆ అధికారము తమకు గలదని తలచినవారి చరిత్ర కొంత యెరుగుదును. చిరకాలము బాలికలకు తెలుగు చెప్పినదానను గనుక, చరిత్ర చెప్పక సలహా చెప్పుట నాకు చేతకాదు.

ఆడపిల్లల విషయమున పట్టికలు వ్రాయుట మన జిల్లాకు క్రొత్తగాదు. విశాఖపట్నపు జిల్లాలోని సామాన్య బ్రాహ్మణ కుటుంబములలో శుల్కము పుచ్చుకొని జరిపిన వివాహముల పట్టిక నొకదానిని విజయనగర మహారాజు తయారు చేయించెను. సొమ్ము పుచ్చుకొంటిమని చెప్పుకొనుటకు ఎవరికి నోరు వచ్చును? కావున ఆ పట్టిక సమగ్రము కాదు. అయినను అందు 1034 వివాహములు చేరినవి. ఐదేండ్లకు పెండ్లియైన బాలికలు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది పసికందులు ముగ్గురు. గురజాడ అప్పారావు 1897లో అచ్చువేసిన ‘కన్యాశుల్కము’ నాటకపు తొలి కూర్పునకు తానే వ్రాసిన ఆంగ్ల పీఠికలో ఈ అంకెలున్నవి. గిరీశమును చూచి నవ్వి, మధురవాణిని మెచ్చుకొని, పీఠిక చదువకయే పుస్తకము మూయుట మన అలవాటు. ఆ పట్టిక ఆనాటితో ముగిసినదనుకొందువేమో! 1929లో శారదా చట్టము బాలికకు 14 ఏండ్లనియు, 1978 సవరణ 18 ఏండ్లనియు హద్దు పెట్టినను, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రమున 20-24 ఏండ్ల స్త్రీలు నూటికి 29 మంది పదునెనిమిది నిండకమునుపే పెండ్లియైనవారని తేలినది.

శుల్కము బ్రాహ్మణుల కథ. పొలము దున్నియు, వల విసరియు, కల్లు గీసియు బ్రతికిన ఉత్తరాంధ్రపు కులములు పెక్కింటిలో ఆడపిల్లకు ఓలి యిచ్చి చేసికొనుటయు, కాపురము పొసగనిచో కులపెద్దల యెదుట విడిపోయి మారుమనువు చేసికొనుటయు వాడుకయై యుండెను. ఓలియు ఒక వెలయే గనుక దానిని నేను కొనియాడను. కాని తన రెక్కల కష్టమునకు విలువ గలదని యెరిగిన స్త్రీ, వలదనుకొన్న కాపురమును విడిచి మరల ఇల్లాలు కాగలిగిన స్త్రీ ఆ గుడిసెలలో నుండెను. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము వెలికి వెరవక జరిపించిన తొలి వితంతు వివాహము అగ్రహారములను గడగడలాడించినది గాని, మన పాటకపు జనమునకు అందు వింత యేమియు తోచియుండదు. వింతయంతయు తరువాతిది: నాలుగు డబ్బులు చేరి, పిల్లలు నాలుగక్షరములు నేర్చినంతనే, ఆ కులములవారే మారుమనువును మోటుతనమని విడిచిపెట్టి, ఓలిని త్రోసిపుచ్చి, కట్నమును గౌరవమని నెత్తికెత్తుకొనిరి. మనము నాగరికత యని పిలుచుదానిలో ఆడుది పోగొట్టుకొన్నదియు కొంత గలదని నా తలంపు.

ఆ డబ్బు వచ్చిన దారి కూడ చెప్పెదను. మన విశాఖలో 1933లో రేవు తెరచినారు. 1941లో ఓడల కార్ఖానాకు పునాది వేసినారు. 1966లో ఉక్కు కర్మాగారము మన హక్కని ఊరంతయు లేచినది. 1971లో ఆ కర్మాగారమునకు ఇందిరాగాంధి శంకుస్థాపన చేసినది. నెలజీతమనునది ఈ తీరమునకు వచ్చిన తీరు స్థూలముగా ఇది. నెలజీతముతో పాటు వరుని వెల పెరిగినది. ‘స్టీలుప్లాంటులో పర్మనెంటు’ అను రెండు ముక్కలు పెండ్లిచూపులలో ఎంత బరువు తూగెడివో మీ అమ్మ నడుగుము, కట్నము చట్టవిరుద్ధమని 1961లోనే శాసనమున్నదని కూడ జ్ఞాపకము చేయుము. అయినను ఆ ఉద్యోగము మరియొక పని కూడ చేసినది. ఉక్కునగరపు క్వార్టరులో భార్య, భర్త, ఇద్దరు పిల్లలు పట్టుదురు; అత్తమామలు పల్లెలోనే మిగిలిరి. ఉమ్మడి కుటుంబము సిద్ధాంతముల వలన విచ్ఛిన్నమైనదని వ్యాసములు వ్రాయువారు వ్రాయుదురు గాక, నేను చూచినంతలో దానిని విడగొట్టినది ఆ రెండు గదుల కొలత. ఇప్పుడు ఆ పిల్లలును బెంగుళూరునకో అమెరికాకో పోగా, కూర్మన్నపాలెపు అపార్టుమెంటులలో ముసలి దంపతులు ఒకరికొకరు మాత్రలు గుర్తుచేసికొనుచున్నారు. వార్ధక్యమున ఆసరాకై బిడ్డను కనుమని నీకు చెప్పువారు ఆ అపార్టుమెంటుల వంక ఒక్కసారి చూడవలెను.

ఇక ప్రభుత్వము సంగతి. 1952లోనే కుటుంబ నియంత్రణమును ప్రభుత్వ కార్యక్రమముగా చేపట్టిన దేశము మనది. అత్యయికస్థితి కాలమున, 1976-77 అను ఒక్క సంవత్సరములో, 80 లక్షలకు పైబడి ఆపరేషనులు జరిగినవి. వానిలో అధికభాగము పురుషులకే, బలవంతముగా చేసినవియు పెక్కు. 1994 నాటి మన పంచాయతీరాజ్ చట్టము ఇద్దరిని మించి కన్నవారిని స్థానిక ఎన్నికలలో నిలువనీయలేదు. 2024 నవంబరులో శాసనసభ ఆ నిబంధనను తొలగించినది. ఒకప్పుడు జనాభా తగ్గింపునకు ప్రచారము చేసిన ముఖ్యమంత్రియే ఇప్పుడు పెంపును బోధించుచున్నాడు. 2025లో మన ప్రక్కనున్న విజయనగరపు పార్లమెంటు సభ్యుడు మూడవ కాన్పున ఆడపిల్ల పుట్టినచో 50,000 రూపాయలు, మగపిల్లవాడైనచో ఆవును ఇత్తునని ప్రకటించెను. ఆవుల బేరము నాకు నవ్వు పుట్టించినదని దాచను. అయినను వారి చింత మిథ్య కాదు: 2019-21 సర్వే నాటికే మన రాష్ట్రమున ఒక్కొక్క స్త్రీకి సగటు సంతానము 1.7కు దిగినది, తరము నిలుచుటకు 2.1 కావలెను, వృద్ధులు పెరుగుచున్నారు, పార్లమెంటు స్థానములు తగ్గునను భయము కూడ గలదు. అది నిజమైన చింతయైనచో మార్గము వేరుగా నుండవలెను. 2017లో సవరించిన కేంద్రపు ప్రసూతి ప్రయోజన చట్టము మొదటి రెండు కాన్పులకు 26 వారముల సెలవిచ్చి, ఇద్దరు బిడ్డలున్న తల్లికి తరువాతి కాన్పునకు 12 వారములతో సరిపెట్టినది. మూడవ బిడ్డను కనుమని వేదికలెక్కి పిలుచుటకు ముందు ఆ సంఖ్యను సరిదిద్దరాదా?

నిన్ను చాలసేపు నిలుపదలచిన స్థలము ఇది. ఆ 2019-21 సర్వేలోనే మన రాష్ట్రమున వివాహిత స్త్రీలు నూటికి దాదాపు 70 మంది ట్యూబెక్టమీ చేయించుకొన్నవారు. పురుషుల వేసెక్టమీ నూటికి 0.4. ఇరువదేండ్లు నిండకమునుపే పెండ్లి, వెంటనే రెండు కాన్పులు, పాతికేండ్లకు ‘పిల్లల ఆపరేషను’: మన పల్లెలలో ఒక స్త్రీ సంతాన చరిత్రమంతయు ఐదారేండ్లలో ముగియుచున్నది. అత్యయికస్థితి తరువాత పురుషుడు భయపడెను, ప్రభుత్వము వాని ఓటునకు భయపడెను, ఆ రెండు భయముల బరువు స్త్రీ పొట్టపై పడినది. వేసెక్టమీలో పొట్ట కోయరు, ఆసుపత్రిలో పడుకొననక్కరలేదు, మగతనము తగ్గదు, బరువులెత్తు బలము పోదు. పరీక్షలో వీర్యకణములు లేవని తేలువరకు, అనగా సుమారు మూడు నెలలు, వేరొక జాగ్రత్త పాటింపవలెను, అంతే. మీకు బిడ్డలు చాలుననిపించిన నాడు ఈ పని అబ్బాయిది కావలెనని నా అభిప్రాయము. అందాక కాపర్-టీ గలదు, మాత్రలు గలవు, మూడు నెలలకొకమారు వేయు ‘అంతర’ ఇంజక్షను ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగా లభించును. మీ పేట ఆశా కార్యకర్త నడుగుటకు సిగ్గుపడకుము.

చట్టము కూడ కొంత తెలిసియుండవలెను. 1971 గర్భవిచ్ఛిత్తి చట్టము 2021లో సవరింపబడిన పిదప, 20 వారములవరకు ఒక వైద్యుని అభిప్రాయముతోను, కొన్ని నిర్ణీత పరిస్థితులలో 24 వారములవరకు ఇద్దరి అభిప్రాయముతోను అది చేయించుకొనవచ్చును. పదునెనిమిది నిండిన స్త్రీకి ఆమె సమ్మతి యొక్కటే చాలును, భర్త సంతకము చట్టమడుగదు. అవివాహితకును ఆ 24 వారముల హద్దు వర్తించునని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పినది. మందుల దుకాణమున మాత్రలు కొని గుట్టుగా మ్రింగుట మాత్రము ఎన్నడును వలదు. అవసరమే వచ్చినచో ప్రభుత్వాసుపత్రులగు కె.జి.హెచ్.కో ఘోషాసుపత్రికో పొమ్ము. ఆడో మగో తెలిసికొందమని ఎవరైన స్కానింగునకు పిలిచినచో, అది 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టము ప్రకారము నేరమని మొగముమీదనే చెప్పుము. వాయిదా వేయుచున్నావు గనుక ఇంకొక మాట: ముప్పదియైదు దాటిన పిదప గర్భము నిలుచు అవకాశము తగ్గునని వైద్యులు చెప్పుదురు, అది అత్తగారి సాధింపు మాట కాదు. అప్పుడు చూచుకొందమనిపించునట్లు సంతాన సాఫల్య కేంద్రముల బోర్డులు నగరమంతట వెలసినవి. అట్టి కేంద్రములకై 2021లో చేసిన చట్టము క్రింద రిజిష్టరైనవా కావా అని చూడక వాని మెట్లెక్కరాదు, ఎక్కినను ఫలము నిశ్చయము కాదు.

బిడ్డలు వలదని నేను చెప్పుచున్నట్లు తలపకుము. మీ అమ్మ పుట్టినందువలన నాకు కలిగిన సంతోషమునకు సాటి మరియొకటి లేదు. కాని ఎందరని అడుగుటకు ముందు నీవు అబ్బాయిని అడుగవలసినది వేరే యున్నది: నీకు ఉద్యోగమున రాత్రి షిఫ్టు పడినప్పుడు బిడ్డ ఏడ్చినచో లేచువారెవరు? జ్వరము వచ్చిన దినమున సెలవు పెట్టువారెవరు? ‘చూద్దాములే’ అన్నచో నీవును ‘చూద్దాములే’ యని ఊరకుండుము. వారమునకు ఎవరి వంతు ఎన్ని రాత్రులో కాగితముపై వ్రాసి చూపినచో, మీ సంభాషణ మొదలైనదని తలపుము.

మీ అత్తగారితో కలహింపకుము. ఆమెకు పదునేడవయేట పెండ్లియైనదనియు, ఇరువదిరెండవయేట ఆపరేషనైనదనియు నీవే వ్రాసితివి. ఆమెను ఎందరు కావలెనని అడిగినవారు ఎవరైన నుండిరా? ఒక మధ్యాహ్నమున ఆమె ప్రక్కన కూర్చుండి ఆ సంగతి చెప్పుమని అడుగుము. తొందరపడి నీ సంగతి ఎత్తకుము.

ఈ ఉత్తరము ఆమెకు చూపదలచినచో నాకభ్యంతరము లేదు. వేసెక్టమీ సంగతి వ్రాసిన కాగితము మాత్రము ముందుగా అబ్బాయిచేత చదివించుము. అతనికి సందేహములున్నచో ఆదివారము మధ్యాహ్నము భోజనమునకు వచ్చి నన్నే అడుగుమనుము.

ఇట్లు,
మీ అమ్మమ్మ