చిన్న దొడ్డి, నిండు కూరతోట

వేదపాఠము: 1 రాజులు 21:1–19, లూకా 16:10



అహాబు రాజునకు భూమి తక్కువయై యుండలేదు. అయినను తన నగరు ప్రక్కనున్న నాబోతు ద్రాక్షతోటను చూచి, దానిని కూరతోటగా చేసికొనగోరెను. అది దొరకనందున అన్నము మాని మంచమెక్కెను. మనమును కొంతమట్టుకు అట్టివారమే. ఊరి మోతుబరి పొలము చూచి నిట్టూర్చుదుము. మన యింటి వెనుకనున్న నేలను మాత్రము పిచ్చిమొక్కలకు విడిచిపెట్టుదుము.

ఈ మాట మొదట నాకే తగులును. గడచిన కోతపండుగనాడు మన సంఘములోని ఒక వృద్ధ విధవరాలు రెండు సొరకాయలును గంపెడు గోంగూరయు కానుకగా తెచ్చెను. "ఇవి ఎవరి పొలములోనివమ్మా?" అని అడిగితిని. "పొలమెక్కడిదండి అయ్యగారూ, మా దొడ్డిలోవే" అనెను. మరునాడు వెళ్లి చూచితిని. 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. పావు సెంటైనను లేదు. సంఘమువారు నాకిచ్చిన ఇంటి దొడ్డి దానికి అయిదింతలుండును. అందులో రాళ్లును తుమ్మముళ్లును తప్ప మరేమియు లేవు. కొంచెములో నమ్మకముగా నుండుటను గూర్చి నేను ప్రసంగించి నెల కాలేదు! సిగ్గుపడి, ఆమెయొద్ద కూర్చుండి నేర్చుకొంటిని.

ఆమె తోట వేయుటకు కారణము మనుమరాలు. చీకటి పడగానే ఆ బిడ్డకు కన్ను కనబడకపోయెను. ఆసుపత్రిలో విటమిన్ ఎ మందు పోసి, ఇకమీదట ఆకుకూరలు బాగుగా పెట్టుమనిరి. సంతలో కొనుటకు డబ్బులేక ఆమె పలుగు చేతబట్టెను.

మొదటిది, నేల. మడి వెడల్పు 3 అడుగులకు మించరాదు. ఇరుప్రక్కలనుండి చెయ్యి నడిమికి అందవలెను. త్రవ్విన మడిని కాలితో త్రొక్కినచో నేల గట్టిపడి వేళ్లకు గాలి అందదు. జానెడు లోతు త్రవ్వి, బాగుగా మాగిన పశువుల ఎరువు కలుపవలెను. దొరికినయెడల చెరువుమట్టియు మంచిది. పచ్చిపేడ వేయరాదు. వానకాలమున మడి ఎత్తుగాను, వేసవిలో పల్లముగాను ఉండవలెను.

రెండవది, ఎత్తు. "ఆకాశానికి శిస్తు లేదు గదండి" అని ఆమె నవ్వెను. సొర, బీర తీగెలను పందిరికిని, బచ్చలిని కంచెకును ప్రాకించవలెను. నీడ మళ్లమీద పడకుండునట్లు పందిరిని ఉత్తరపు ప్రక్కన వేయుట మేలు. మూలను ఒక మునగకొమ్మ నాటినచో ఆకును కాయయు దొరకును.

మూడవది, కాలము. తోటకూర, మెంతికూర మూడు నాలుగు వారములకు కోతకు వచ్చును. అంతయు ఒకే దినమున చల్లినచో ఒక వారము తినలేనంత యుండును, తరువాత ఏమియు నుండదు. కనుక మడిని నాలుగు భాగములు చేసి వారమునకొక భాగము చల్లవలెను. సన్నని గింజను ఇసుకతో కలిపినచో సమముగా పడును. వంగమొక్కలను రెండడుగుల ఎడముగా నాటి, నడుమ ముల్లంగియో కొత్తిమీరయో వేయవలెను. వంగ గుబురుకట్టునప్పటికి అవి కూరలోనికి వచ్చియుండును. బెండకాయలు సుమారు 45 దినములకు వచ్చును. దినము విడిచి దినము కోయవలెను, ముదిరినచో కాపు తగ్గును. ఒక మొక్క తీసిన చోట ఆ సాయంకాలమే మరొకటి పెట్టవలెను. ఆమె దొడ్డిలో ఖాళీ జాగా ఒక దినమైనను ఉండదు. ఆమె రహస్యమంతయు ఇదియే.

నాలుగవది, నీరు. బియ్యము, కూరలు కడిగిన నీళ్లు వృథాగా పోనీయక మళ్లకు పోయవలెను. సబ్బునీళ్లు ఆకుకూరలకు తగవు. మొదళ్లచుట్టు ఎండుటాకు పరచినచో తేమ నిలుచును. పురుగు పట్టినచో 50 గ్రాముల వేపగింజల పొడిని లీటరు నీటిలో రాత్రియంతయు నానబెట్టి, వడకట్టి, కొంచెము సబ్బు కలిపి సాయంకాలమున చల్లవలెను.

మనిషికి దినమునకు కనీసము 400 గ్రాముల కూరగాయలు, పండ్లు కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పావు సెంటు అంతయు ఇయ్యలేదు. అయినను కూలి దొరకని దినమున బిడ్డ పళ్లెములో పచ్చని కూర ఉండును. దానిని కొంచెము నూనెతో వండవలెను. అప్పుడే అందలి సత్తువ కంటికి అందును.

ఒక మాట. నాకు భూమి లేకపోవుట న్యాయమేనా అని ఒకడు అడుగవచ్చును. అడుగవలసినదే. నాబోతు పక్షమున మాటలాడుటకు దేవుడు ఏలీయాను పంపెను; దేవుడు అన్యాయమును మరచువాడు కాడు. అయినను న్యాయము కొరకు అడుగుచున్నంతకాలము చేతిలోనున్న నేలను బీడు పెట్టకుడి.

నేను రాళ్లు ఏరి మూడు మళ్లు త్రవ్వితిని. వచ్చు నెల మొదటి ఆదివారమున ఆరాధన తరువాత ఎవరి యింటనున్న నాటు విత్తనములు వారు పొట్లములుగా కట్టి తెచ్చి మార్చుకొందము. మొదటి కోతలో ఒక కట్ట దొడ్డిలేనివారికి ఇయ్యుడి.

ఇంట చదువుకొని మాటలాడుకొనుటకు:
1. అహాబునకు కొరత భూమియా, తృప్తియా?
2. మన దొడ్డిలో నేడు ఖాళీగా ఉన్న చోటు ఏది?
3. మన మొదటి కట్ట ఎవరి యింటికి వెళ్లవలెను?